బొమ్మలో పట్టనిది రాయాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: పదేళ్లుగా బొమ్మలు వేస్తున్నారు. రెండేళ్లుగా కథలు కూడా రాస్తున్నారు. చదివినవాళ్లు "వర్ణన బాగుంది, కథ కదలడం లేదు" అంటున్నారు. ఈలోగా ఒక బడివాళ్లు తొమ్మిది నుంచి పదకొండేళ్ల పిల్లలకు వారానికి ఒక గంట రచన నేర్పమని అడిగారు. సాహిత్యంలో డిగ్రీ లేదు, సొంత రాతే ఇంకా కుదురుకోలేదు, ఒప్పుకోవచ్చా అన్నది మీ సందేహం.

ఒప్పుకోండి. నేను పద్దెనిమిదేళ్లు బొమ్మలు వేశాక కథల్లోకి వచ్చాను. గత పన్నెండేళ్లుగా పిల్లలతో రాయిస్తున్నాను. మీ కథ కదలకపోవడానికీ, రేపు మీరు పిల్లలకు నేర్పబోయేదానికీ మూలం ఒకటే అని నా నమ్మకం. అందుకే రెండింటి గురించీ కలిపి చెబుతాను. కొంచెం పొడవైనా ఓపికగా చదవండి.

ముందు మీ రాత సంగతి. చిత్రకారులు కలం పట్టగానే మాటలతో బొమ్మ వేయడానికి పూనుకుంటారు. నా మొదటి కథలో ఒక ముసలాయన గది వస్తుంది. దానికే రెండు పేజీలు పట్టాయి. కిటికీలోంచి ఏటవాలుగా పడే వెలుగు, పెచ్చులూడిన గోడ, చేతులు ఆనించి ఆనించి నునుపుదేలిన కుర్చీ, ఏదీ వదల్లేదు. పత్రికల్లో చాలాకాలం పనిచేసిన ఒక పెద్దాయనకు ఆ కాగితాలు ఇచ్చాను. ఆయన చదివి మంచిచెడ్డలేమీ చెప్పలేదు. ఎర్ర పెన్సిల్ తీసి 'ఉంది', 'ఉన్నాయి' కనిపించిన చోటల్లా సున్నా చుట్టి నా చేతికి ఇచ్చారు. లెక్కపెట్టుకున్నాను. ముప్పై ఒక్క సున్నాలు.

ఆ కాగితాలు ఇప్పటికీ దాచుకున్నాను. బొమ్మలో అన్నీ 'ఉంటాయి', అది దాని స్వభావం. చూసేవాడి కన్ను ఏ మూల నుంచైనా లోపలికి రావచ్చు, వెనక్కి వెళ్లవచ్చు, నచ్చినచోట ఆగవచ్చు. పాఠకుడికి ఆ వీలు లేదు. మనం పెట్టిన వరసలోనే నడవాలి, ఒక మాట దాటితేనే ఇంకో మాట. జర్మన్ విమర్శకుడు లెస్సింగ్ 1766లోనే లావొకోవన్ అనే ప్రాచీన శిల్పాన్ని ఆధారం చేసుకుని రాసిన గ్రంథంలో ఈ తేడాను పట్టి చూపించాడు. చిత్రానికీ శిల్పానికీ చోటు ఆధారం, కవిత్వానికి కాలం ఆధారం అన్నాడు. ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి చిత్రకారులందరూ తెలుసుకోవలసింది. గ్రీకు కవి హోమర్ తన కావ్యంలో అకిలీస్ అనే వీరుడి డాలును వర్ణించాలి. తయారైన డాలును ఎదురుగా పెట్టి దీని మీద ఇది ఉంది, అది ఉంది అని చెప్పలేదు. కమ్మరి దేవుడు కొలిమి దగ్గర నిలబడి దాన్ని ఒక్కొక్క భాగంగా తయారుచేస్తుంటే చూపించాడు. వర్ణన పనిగా మారింది, పని కథలో కలిసిపోయింది.

తెలుగులో ఈ చిక్కు ఇంకాస్త గట్టిది. మన వాక్యం సాధారణంగా క్రియ దగ్గర ఆగుతుంది. ఆ క్రియ 'ఉంది' అయితే వాక్యం అక్కడే చతికిలబడుతుంది. అలాంటివి పది వరసగా వస్తే పేజీ సామాను చిట్టాలా తయారవుతుంది. నేను ఆ గదిని తిరగరాసినప్పుడు, "మూలలో పాత కుర్చీ ఉంది, దాని చేతులు నునుపుగా ఉన్నాయి" అన్న చోట ఇలా మార్చాను: "ఆయన కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు. తలుపు తీసినవాళ్లకు వీపు మాత్రమే కనిపించాలి." వెలుగు పోయింది, పెచ్చులూడిన గోడ పోయింది. అవి నేను నిజంగా కళ్లారా చూసినవి కాబట్టి వదులుకోవడానికి మనసొప్పలేదు. అయితే అప్పటిదాకా ఖాళీగా పడి ఉన్న గదిలోకి ముసలాయన వచ్చాడు.

మీరు కూడా మీ కథల్లో ఒకటి తీసి సున్నాలు చుట్టండి. అన్నీ కొట్టేయనక్కర్లేదు. "ఇంట్లో ఎవరూ లేరు, దీపం మాత్రం ఉంది" అన్న వాక్యంలో 'ఉంది' తీసేస్తే ప్రాణం పోతుంది. ప్రతి సున్నా దగ్గర ఆగి, ఇది నేను గీయగలిగేదేనా అని అడగండి. గీయగలిగేదైతే దాన్ని బొమ్మకే వదిలేయండి. గీయలేనిది ఏమిటో వెతకండి: ఆ క్షణానికి ముందు జరిగింది, తర్వాత జరగబోయేది, వినిపించింది, వాసన, ఒకరు అనబోయి మింగేసిన మాట.

ఈ దారిలో మీకంటే ముందు నడిచినవాళ్లు తక్కువేమీ కాదు. అడివి బాపిరాజు (1895–1952) చిత్రకారుడు, నవలాకారుడు, పైగా బందరు జాతీయ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేసినవారు. బుచ్చిబాబు కథలు, నవల రాస్తూనే ప్రకృతి దృశ్యాలు చిత్రించారు. రవీంద్రనాథ్ ఠాగూర్ దీనికి ఎదురు దిశలో వెళ్లారు. రాతప్రతుల్లో కొట్టివేతలను కలుపుతూ ఆకారాలు గీయడం నుంచి చిత్రకళలోకి జారి, 1930లో పారిస్‌లో తొలి ప్రదర్శన పెట్టేనాటికి ఆయనకు దాదాపు అరవై తొమ్మిదేళ్లు.

మీకు అన్నింటికంటే దగ్గరి కథ అవనీంద్రనాథ్ ఠాగూర్‌ది. ఆయన ప్రధానంగా చిత్రకారుడు. పిల్లలకు కథలు నోటితో చెప్పడంలో దిట్ట, రాయమంటే జంకు. నోటితో ఎలా చెబుతావో అలాగే రాయి, తప్పులుంటే నేను చూసుకుంటానని రవీంద్రుడు ధైర్యం చెప్పారట. అలా 1895లో శకుంతల కథ పిల్లల పుస్తకంగా వచ్చింది. ఆ తర్వాత ఆయన బెంగాలీ బాలసాహిత్యంలో పెద్ద పేరు అయ్యారు. డిగ్రీ గురించి అడిగారు కాబట్టి ఇదంతా చెప్పాను. పిల్లలకు ఆ ధైర్యం ఇవ్వగలిగిన మనిషి కావాలి. మిగతావి మీరు పాఠాలు చెబుతూ నేర్చుకుంటారు.

ఇక పిల్లల దగ్గరికి వద్దాం.

నా మొదటి సంవత్సరం ఒక అబ్బాయి ఉండేవాడు, తొమ్మిదేళ్లు. నాలుగు వారాలు ఒక్క అక్షరం రాయలేదు. కాగితం ఇస్తే బొమ్మ వేసి తిరిగి ఇచ్చేవాడు. బొమ్మల్లో ఇల్లు, ఎప్పుడూ అదే ఇల్లు. ఐదో వారం నేను వాడి పక్కన నేల మీద కూర్చుని, "నువ్వు చెప్పు, నేను రాస్తాను" అన్నాను. వాడు చాలాసేపు బొమ్మవైపు చూసి, "ఇంట్లో ఎవరూ లేరు. కుక్క ఉంది గానీ, అది బొమ్మలో పట్టలేదు" అన్నాడు. అన్నది అన్నట్టు బొమ్మ కింద రాశాను. "ఎక్కడ ఉంది మరి?" అన్నాను. "ఇంటి వెనకాల. దాన్ని కట్టేశారు. రాత్రంతా అరిచింది. నేను వెళ్దామనుకున్నాను." అదీ రాశాను. "వెళ్లావా?" అని అడిగేలోపు వాడు నా చేతిలోంచి పెన్సిల్ లాక్కున్నాడు. మిగతా పేజీ వాడే రాశాడు. ఒత్తులు లేవు, చుక్కలు లేవు, వాక్యం ఎక్కడ ఆగుతుందో తెలియదు. వాడు కుక్క దగ్గరికి వెళ్లాడు.

పెద్దాయన ముప్పై ఒక్క సున్నాలతో నాకు చెప్పిందీ, ఈ పిల్లవాడు చెప్పిందీ ఒకటే అని ఆరోజు ఇంటికి నడిచి వెళ్తుంటే తట్టింది. బొమ్మలో పట్టని కుక్క ఒకటి ఎప్పుడూ ఉంటుంది. అక్కడినుంచి రాయాలి. అప్పటినుంచి నా క్లాసులన్నీ దాని మీదే నడుస్తున్నాయి.

మీకు అప్పగిస్తున్న పిల్లల వయసు కూడా దీనికి సరిగ్గా సరిపోతుంది. ఆస్ట్రియాలో పుట్టి అమెరికాలో బోధించిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో వచ్చిన పుస్తకంలో పిల్లల బొమ్మలు వయసుతో ఎలా మారతాయో దశలుగా విడదీసి చూపించాడు. ఏడు నుంచి తొమ్మిదేళ్ల మధ్య ప్రతిదానికీ సొంత గుర్తు ఒకటి స్థిరపడుతుంది. ఇల్లంటే ఇలా, మనిషంటే ఇలా, నేల అంటే అడుగున అడ్డగీత. తొమ్మిది దాటాక తమ బొమ్మను అసలు వస్తువుతో, పక్కవాళ్ల బొమ్మతో పోల్చి చూసుకోవడం మొదలవుతుంది. "నాకు బొమ్మలు రావు" అని చాలామంది పెన్సిల్ వదిలేసేది ఈ వయసులోనే. వేగంగా రాయడానికి చెయ్యి అలవాటుపడేదీ ఇప్పుడే. కంటికి కనిపిస్తున్నది చేతికి అందడం లేదన్న ఆ దిగులు మీకు బాగా తెలుసు, ప్రతి చిత్రకారుడూ దాన్ని దాటే వచ్చాడు. ఆ సమయంలో పక్కన కూర్చోవడానికి మీకంటే తగినవాళ్లు దొరకరు.

క్లాసు ఎలా నడపాలో అడిగారు. నా పద్ధతి చెబుతాను, మీది మీరు చేసుకోండి.

బొమ్మ కోసం అరచేతిలో పట్టేంత చిన్న కాగితం ఇస్తాను, రాయడానికి పెద్దది. చిన్న కాగితం కావాలనే. ఏదో ఒకటి పట్టకుండా పోవాలి. రంగులు బయటికి తీయను. రంగులు వస్తే గంట మొత్తం వాటికే పోతుంది, రాత ఇంటిపనిగా మిగులుతుంది. పెన్సిల్ మాత్రమే, రబ్బరు లేకుండా. బొమ్మకు పది నిమిషాలు మించనివ్వను.

ఎక్కువసార్లు చేయించేది చిత్రకారులందరికీ తెలిసిన సాధన: కాగితంవైపు చూడకుండా, వస్తువు అంచు వెంట చూపు నడిపిస్తూ, అదే వేగంతో గీత కదిలించడం. కాంటూర్ డ్రాయింగ్‌ను ఈ పద్ధతిలో పాఠంగా మలిచినవారిలో కైమన్ నికొలైడిస్ ముఖ్యుడు. న్యూయార్క్‌లో బోధించిన ఆయన పాఠాలు 1941లో, ఆయన మరణానంతరం, పుస్తకంగా వచ్చాయి. పిల్లలకు దీనివల్ల రెండు మేళ్లు. కాగితం చూడకూడదు కాబట్టి అందరి బొమ్మలూ వంకరగానే వస్తాయి, బాగా వేసేవాళ్లు, వేయలేనివాళ్లు అన్న తేడా ఆ పది నిమిషాలు మాయమవుతుంది. రెండోది, వాళ్లు నిజంగా చూస్తారు. ఒకసారి ఎడమచెయ్యి గీయించాను. గీశాక, బొమ్మలోకి రానిది ఒక్కటి రాయమన్నాను. ఒక అమ్మాయి రాసింది: "నా బొటనవేలు అందరికీ దూరంగా నిలబడింది. అలిగిందనుకున్నాను. కానీ ఏది పట్టుకోవాలన్నా మొదట అదే వస్తుంది." పదేళ్ల పిల్ల. ఇది చదివాక నేను చాలాసేపు నా చెయ్యి చూసుకుంటూ ఉండిపోయాను.

'ఒక్కటి రాయండి' అన్నది గమనించండి. 'మీ చెయ్యి గురించి రాయండి' అంటే వ్యాసం వస్తుంది. "మానవ శరీరంలో చేతులు ముఖ్యమైన అవయవాలు" అని మొదలుపెడతారు, "ఆవు సాధు జంతువు" అని మనమందరం రాసినట్టే. పిల్లలు అలా రాయడం తెలియక రాయరు. బడిలో రాత అంటే ఆ గొంతేనని నమ్మి రాస్తారు. ఆ నమ్మకాన్ని వాదించి పోగొట్టలేం. పని చిన్నదిగా, సూటిగా ఇస్తే వాళ్ల సొంత మాట దానంతటదే బయటికి వస్తుంది. అప్పుడు దాన్ని పైకి చదివి వినిపించాలి. అవనీంద్రనాథ్‌కు దొరికిన అనుమతి పిల్లలకు దొరికేది ఇక్కడే.

కవిత్వం రాయించాలనుకుంటే అమెరికన్ కవి కెనెత్ కోక్ చేసిన పని పనికొస్తుంది. 1968లో న్యూయార్క్‌లోని ఒక ప్రాథమిక పాఠశాలలో పిల్లలచేత తలా ఒక పంక్తి రాయించి క్లాసంతటికీ ఒక పద్యం కట్టించాడు. ప్రతి పంక్తీ ఒక కోరికతో మొదలవ్వాలి, అందులో ఒక రంగు, ఒక ఊరో దేశమో, ఒక కామిక్స్ పాత్ర రావాలి. అంత్యప్రాస వద్దు. ప్రాస వద్దన్న నియమం తెలుగులో ఇంకా అవసరం. మన క్రియలన్నీ ఒకేలా ముగుస్తాయి కాబట్టి ప్రాస అడగకుండానే దొరుకుతుంది. వచ్చింది, నచ్చింది, మెచ్చింది అని పిల్లలు గలగలా దొర్లిపోతారు, చెప్పాలనుకున్నది మధ్యలో ఎక్కడో జారిపోతుంది.

దిద్దడం గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నేను బాగా దెబ్బతిన్నది అక్కడే. ఒక ఏడాది పిల్లల రాతలతో చిన్న సంచిక వేశాం. ఒక పాప రాసిన వాక్యం: "వాన మా ఇంటిని అడిగింది, ఇల్లు పలకలేదు." చదివేవాళ్లకు అర్థం కాదేమోనని "వాన మా ఇంటి తలుపు తట్టింది, ఎవరూ పలకలేదు" అని మార్చాను. సంచిక చేతికొచ్చాక ఆ పాప నా దగ్గరికి వచ్చి, పేజీ చూపించి, "ఇది ఎవరు రాశారు?" అని అడిగింది. కోపం లేదు, నిజంగానే అడిగింది. కింద తన పేరు ఉంది. నాకు జవాబు దొరకలేదు. ఆ సంవత్సరం మిగిలిన వారాల్లో ఆమె నాకు మళ్లీ అలాంటి వాక్యం ఇవ్వలేదు.

అప్పటినుంచి పిల్లల కాగితం మీద నా పెన్సిల్ పెట్టను. బొమ్మ మీద అసలే పెట్టను. "ఈ చెయ్యి ఇలా ఉండాలి" అని గీసి చూపించాలన్న దురద మనలాంటివాళ్లకు చాలా బలంగా ఉంటుంది, దాన్ని గట్టిగా ఆపుకోండి. ఫ్రాంజ్ చిజెక్ 1897లో వియన్నాలో పిల్లల చిత్రకళా తరగతి మొదలుపెట్టినప్పుడు నకలు గీయించడం మానేసి, పిల్లలను వాళ్ల దారిన గీయనిచ్చాడు. రాతకూ అదే వర్తిస్తుంది. అక్షరదోషాలను మొదటి రోజు వదిలేస్తాను. రెండు వారాల తర్వాత ఎవరికి ఏ రచన ఇష్టమో వాళ్లే ఎంచుకుంటారు, ఆ ఒక్కదాన్నే శుభ్రంగా తిరగరాస్తాం. తన వాక్యాన్ని పక్కవాడు తప్పుగా చదివినప్పుడు ఒత్తు ఎందుకు కావాలో పిల్లవాడికి తెలుస్తుంది. నా ఎర్రగీత ఆ పని ఎప్పుడూ చేయలేదు.

మెచ్చుకోవడంలో కూడా 'చాలా బాగుంది' అనడం తగ్గించండి. పేజీలో మిమ్మల్ని ఆపిన వాక్యాన్ని వెతికి, మార్చకుండా పైకి చదవండి. తను రాసింది మరొకరి గొంతులో వినపడితే పిల్లల ముఖం ఎలా మారుతుందో మీరే చూస్తారు. ఇష్టం లేని పిల్లల రాత మాత్రం చదవకండి.

ఇంకో విషయం. బొమ్మలో పట్టనిది రాయమని మీరు అడుగుతున్నారు కాబట్టి, ఎప్పుడో ఒకప్పుడు ఒక పిల్ల తన ఇంట్లో భయపెట్టే సంగతి రాస్తుంది. ఇది తప్పకుండా జరుగుతుంది. ఆ కాగితాన్ని క్లాసులో చదవకండి, వాక్యనిర్మాణం గురించి మాట్లాడకండి, ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి. రాసినందుకు మంచిపని చేశావని చెప్పి, బడిలో పిల్లల బాగోగులు చూసే బాధ్యత ఎవరిదో వాళ్లకు అదేరోజు తెలియజేయండి. అలాంటివారు ఎవరన్నది మొదటి క్లాసుకు ముందే కనుక్కోండి.

నేర్పడంలో పడితే సొంత రాత ఆగిపోతుందా అని కూడా మీకు భయం ఉన్నట్టుంది. సమయం కొంత పోతుంది, వారానికి ఒక గంట పాఠం వెనక మరో రెండు గంటల ఆలోచన ఉంటుంది. నేను ఒక్క నియమం పెట్టుకున్నాను: క్లాసులో ఏ పని ఇస్తే అది నేనూ వాళ్లతోపాటే, అదే సమయంలో రాస్తాను. ఏడాదికి ముప్పై క్లాసులనుకుంటే ముప్పై చిన్న పేజీలు. నా రెండో కథల సంపుటిలో నాలుగు కథలు ఆ పేజీల నుంచే మొలకెత్తాయి. పిల్లల వాక్యాలను మాత్రం మీ కథల్లోకి తీసుకోకండి, ఎంత ముచ్చటగా ఉన్నా సరే. బొటనవేలి వాక్యం ఆ అమ్మాయిది. ఇక్కడ కూడా ఆమెను, వాళ్ల అమ్మను అడిగాకే రాశాను.

బొమ్మలు వేయడం మానకండి. రాయడం మొదలుపెట్టాక రెండేళ్లు నేను కుంచె ముట్టలేదు, రచయిత అనిపించుకోవాలంటే అది వదలాలనుకున్నాను. ఆ రెండేళ్ల రాతలో వర్ణన ఇంకా పెరిగిపోయింది, కంటి ఆకలి తీరక. ఇప్పుడు రాయడానికి కూర్చునేముందు పది నిమిషాలు గీస్తాను. చూసిందంతా గీతలోకి వెళ్లిపోతుంది కాబట్టి కథలో మనుషులకు చోటు మిగులుతుంది.

మొదటి క్లాసుకు వాడిన వస్తువు ఒకటి పట్టుకెళ్లండి. పాత తాళం, అరిగిపోయిన చెప్పు, పిడి ఊడిన గొడుగు, ఏదైనా సరే, ఎవరో చాలాకాలం వాడినదై ఉండాలి. కొత్త వస్తువు వెనక ఏ కుక్కా ఉండదు. ముందురోజు రాత్రి దాన్ని మీ ముందు పెట్టుకుని, చిన్న కాగితం మీద పది నిమిషాలు గీసి, పట్టనిది ఒక్కటి రాయండి. మర్నాడు పిల్లలు తమవి చదివాక మీది కూడా అడుగుతారు.